212 వీడియోలు చూశాను, 9 పుస్తకాలు చదివాను, టమాటా మాత్రం మెలితిరిగిపోయింది

#1 కొత్తపార

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

పద్నాలుగు నెలల కిందట పెరట్లో కూరగాయలు పెంచడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఎవరికీ మట్టితో పరిచయం లేదు. పక్కన నిలబడి చెప్పే పెద్దవాళ్ళూ లేరు. అందుకని పుస్తకాలూ వీడియోలే నాకు గురువులు. నిన్న రాత్రి కూర్చుని లెక్కపెడితే దాచుకున్న వీడియోలు 212, కొన్న పుస్తకాలు 9, ఇప్పటిదాకా పండిన టమాటాలు 11. కిలోలు కాదండి, కాయలు.

నాలుగు మడులున్నాయి, ఒక్కోటి 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. ఈసారి ఒకటి, రెండు మడులకు బయట నుంచి తెప్పించిన పశువుల ఎరువు వేశాను. బాగా మాగింది, నల్లగా, పొడిపొడిగా ఉంది, వాసన కూడా లేదు. నాలుగు వేళ్ళ మందం పరిచి కలిపాను. మూడు, నాలుగు మడులకు అది సరిపోలేదు, నేను తయారుచేసిన కంపోస్టే వేశాను.

నారు నాటిన మూడు వారాలకు ఒకటో మడిలో టమాటా కొత్త ఆకులు దొన్నెల్లా పైకి ముడుచుకున్నాయి. ఆ తర్వాత వచ్చినవి ఇంకా ఘోరం, ఆకు వెడల్పే లేదు, దారాల్లా సన్నగా సాగి చివర్లు చుట్టుకుపోయాయి. కాండం తాడు పేనినట్టు తిరిగింది. కింది పాత ఆకులు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి.

ఒక వీడియోలో మెగ్నీషియం తక్కువైంది, ఎప్సమ్ సాల్ట్ చల్లమన్నారు. ఇంకో వీడియోలో నీళ్ళు ఎక్కువయ్యాయన్నారు, మూడోదాంట్లో తక్కువయ్యాయన్నారు. పుస్తకం తీస్తే వైరస్, వెంటనే పీకి పారేయమని ఉంది. ఎవరి మాట వినాలి? అసలు ఇలా చూసీ చదివీ తోటపని నేర్చుకోవడం అయ్యే పనేనా?

#2 పెరటిచిలుక

కొత్తపార గారూ, స్వాగతం. 11 కాయలంటే నాకన్నా మీరే నయం. మొదటి ఏడాది నాకు పండింది సున్నా.

నా కథ వింటే నవ్వుకుంటారు. నేను కొన్న మొదటి పుస్తకంలో ప్రతి పంటకీ ఒకటే మాట, "చివరి మంచు తేదీకి ఆరు వారాల ముందు గింజలు వేయండి" అని. మా దగ్గర నేల గడ్డకట్టేంత మంచు ఎప్పుడూ పడదు. పడని మంచుకి చివరి తేదీ ఎక్కడి నుంచి తేవాలి? ఆ పుస్తకం పట్టుకుని క్యాలెండర్ ముందు కూర్చుని ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను.

తర్వాత "జోన్" అనే అంకె పట్టుకున్నాను. వీడియోల్లో అందరూ నేను జోన్ 9, నేను జోన్ 10 అంటుంటారు కదా, నా అంకె ఎవరికుందో వాళ్ళని వెతుక్కుని అచ్చం వాళ్ళలాగే చేశాను. టమాటా విరగపూసింది. పూసిన పువ్వు పూసినట్టే రాలిపోయింది. ఆ జోన్ లెక్క ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున ఎంతకి దిగుతుందో మాత్రమే చెబుతుందట. ఎండాకాలం ఎలా ఉంటుందో అందులో ఒక్క ముక్క ఉండదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24, 25 కన్నా తగ్గకపోతే టమాటా పుప్పొడి పాడవుతుంది, కాయ కట్టదు. ఆ వీడియో ఆయన ఊళ్ళో సాయంత్రానికి చల్లబడుతుంది, మా ఊళ్ళో అర్ధరాత్రికి కూడా గోడ వేడిగానే ఉంటుంది. ఇద్దరిదీ ఒకటే జోన్!

ఎలా చేయాలో వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను, ఎప్పుడు చేయాలో మాత్రం నా డైరీ చూసుకుంటున్నాను. మీ టమాటా సంగతి మాత్రం నాకు అంతుబట్టలేదు. పెద్దవాళ్ళు ఎవరైనా చెప్తారేమో చూద్దాం.

#3 ప్రశ్నలబాబు

ఎప్సమ్ సాల్ట్ వేసెయ్యండి బ్రో. నేను వేశాను, వారంలో మొక్క పచ్చబడింది. గ్యారంటీ.

#4 నారుమడి

మొక్క పచ్చబడింది సరే, అదే వారంలో వాన పడలేదా? :)

కొత్తపార గారూ, దయచేసి ఇప్పుడే వేయకండి. మెగ్నీషియం తక్కువైతే ముందు కింది ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు వస్తుంది. మీకు కింది ఆకులు బాగున్నాయి, కొత్తవే పాడయ్యాయి. లక్షణం తిరగబడి ఉంది. పైగా ఈ ఉప్పుని కాయ అడుగు నల్లబడడానికి కూడా మందు అని వీడియోల్లో చెప్పేస్తుంటారు. కాయకి కాల్షియం అందక వచ్చే తెగులు అది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచెత్తితే వేరు దాన్ని లాగలేదు. అక్కడ మెగ్నీషియం పోస్తే అది కాల్షియంతో పోటీపడుతుంది, అంటే మందే జబ్బుని పెంచుతుంది.

వీడియోలంటే నాకు కోపమేమీ లేదు, అవి లేకపోతే నేను లేను. టమాటా పిలకలు గిల్లడం పుస్తకంలో బొమ్మ చూసి రెండేళ్ళు తప్పుగా చేశాను. ఆకు, కాండం కలిసే చంకలో వచ్చేది పిలక అని రాసుంటుంది. మొక్క ముందు నిలబడితే ఏది ఆకో ఏది పిలకో తెలిసేది కాదు. వీడియోలో ఒకావిడ బొటనవేలితో పక్కకి వంచి టుక్కున విరిచింది. నాలుగు సెకన్లు. దాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి చూశాను, అంతే, వచ్చేసింది. నారు పీకి వేరే కుండీలోకి మార్చేటప్పుడు బొడ్డాకు, అంటే మొలకకి మొదట వచ్చే ఆకు, పట్టుకోవాలి, కాడ పట్టుకోకూడదు అనేది కూడా అలా కళ్ళతో చూస్తేనే ఎక్కింది. ఆకు నలిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది.

కానీ ఆవిడ చెప్పని సంగతి ఒకటుంది. నావి పొద రకం టమాటాలు, ఒక ఎత్తుకి పెరిగి ఆగిపోయేవి. వాటికి పిలకలు గిల్లితే కాయలు కాసే కొమ్మలే పోతాయి. ఆవిడవి తీగ రకం. ఎంతో శ్రద్ధగా నా పంట సగం నేనే గిల్లేశాను. ఈ తేడా ఎక్కడ దొరికిందంటే పాత పుస్తకంలో, చిన్న అక్షరాల్లో, పేజీ అడుగున.

#5 పాతచెట్టు

కొత్తపారా, ఫొటో ఉంటే పెట్టమ్మా. లేకపోయినా పర్లేదు, మూడు సంగతులు చూసి చెప్పు.

ముడుచుకున్న ఆకు తిప్పి అడుగున చూడు. తెల్లదోమ ఉందా? మొక్కని ఒకసారి కదిపితే తెల్లటి పొడి లేచినట్టు ఎగురుతుంది. తర్వాత, అదే మడిలో టమాటా కాకుండా ఇంకేం వేశావు, అవెలా ఉన్నాయి? ఇక మూడోది, ఆ పశువుల ఎరువు ఎవరి దగ్గర తెచ్చావు, వాళ్ళ పశువులు ఏం మేస్తాయి?

మూడో ప్రశ్న వింతగా ఉందనుకోకు. ముందు ఆకు తిప్పి చూసి రా.

ఈలోగా నీ అసలు ప్రశ్నకి నా మాట. నేను నలభై ఏళ్ళ నుంచి పుస్తకాలు చదువుతున్నవాణ్ణి. నా అరలో ఉన్న ఒక పుస్తకంలో మట్టి గురించి రాసిన అధ్యాయం ఇప్పటికీ నాకు బైబిలే. అదే పుస్తకంలో ముప్పై పేజీల తర్వాత పురుగు కనిపిస్తే డీడీటీ చల్లమని ఉంటుంది. అమెరికాలో పంటల మీద డీడీటీ 1972లో నిషేధించారు, ఆ పుస్తకం అంతకన్నా పాతది. రాసినాయన దుర్మార్గుడేం కాదు, ఆ రోజుకి తెలిసింది అంతే. అందుకని పుస్తకం తెరవగానే ముందు అచ్చయిన ఏడాది చూస్తాను. వీడియోకైనా అదే పద్ధతి. ఎప్పుడు తీశాడు, ఎక్కడ తీశాడు, అదే మడిని ఆరు నెలల తర్వాత మళ్ళీ చూపించాడా? "ఈ ఒక్క చిట్కాతో" అని మొదలుపెట్టినవాళ్ళు ఆ మడిని మళ్ళీ చూపించడం నేనైతే చూడలేదు.

#6 సోమరిరైతు

ఇంత గోల ఎందుకండీ. దున్నకు, ఎరువు వేయకు, కొమ్మ కొట్టకు, కలుపు పీకకు. ప్రకృతికే వదిలేస్తే అదే చూసుకుంటుంది. ప్రకృతి సేద్యం చేసిన జపాన్ రైతు ఫుకుఓకా తన పుస్తకంలో చెప్పింది ఇదే కదా. నేను సగం పుస్తకం చదివాక వీడియోలు చూడడం మానేశాను.

#7 పాతచెట్టు

మిగతా సగం కూడా చదువు నాయనా.

ఫుకుఓకా మొదట్లో చేసింది నువ్వు చెప్పినట్టే. వాళ్ళ నాన్నగారి నారింజ జాతి తోట చేతికొస్తే కత్తిరింపు ఆపేసి ఊరికే వదిలేశాడు. అంతదాకా ఏటా కత్తిరించి పెంచిన చెట్లవి. కొమ్మలు ఒకదాన్నొకటి అల్లుకుపోయాయి, పురుగులు పట్టాయి, తోట ఎండిపోయింది. ఇదంతా ఆయనే రాసుకున్నాడు, దాచుకోలేదు. దాన్ని ప్రకృతి సేద్యం అనరు, వదిలేయడం అంటారు అని తేల్చి, ఆ తర్వాత దశాబ్దాల పాటు చూసి చూసి ఏ పని అక్కర్లేదో ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడు. వరి కోయకముందే ఆ పొలంలో తర్వాతి పంట గింజలు చల్లేవాడు, కోత అయ్యాక గడ్డంతా మళ్ళీ పొలంలోనే పరిచేవాడు. ఏ రోజు చల్లాలో తెలియాలంటే ఎన్నేళ్ళు ఆ గట్టు మీద తిరిగి ఉండాలి?

#8 సోమరిరైతు

...సరే. ఇవాళ రాత్రి మిగతాది చదువుతా.

#9 కోడిగూడు

పక్కదారి పడుతున్నందుకు తిట్టకండి, నాదీ వీడియో బాధే. మాది కూరగాయల సంగతి కాదు, కోళ్ళు.

స్వయంపోషక జీవితం అంటూ ఒక జంట తీసే వీడియోలు రోజూ చూసేవాళ్ళం. పొద్దున్నే బుట్ట నిండా గుడ్లు, పిల్లలు నవ్వుతూ పరిగెత్తడం, వెనక సంగీతం. మేమూ ఆరు పెట్టల్ని తెచ్చాం. కోడి పిల్ల గుడ్డు పెట్టే దశకి రావడానికి దాదాపు ఐదు నెలలు మేపాలని ఆ సంగీతంలో మాకు వినపడలేదు. పగటి వెలుగు తగ్గే రోజుల్లో గుడ్లు తగ్గుతాయనీ, ఈకలు రాల్చే కాలంలో దాదాపు ఆగిపోతాయనీ కూడా తెలియదు. మూడు వారాలు గుడ్డు లేకపోయేసరికి రోగమనుకుని కంగారుపడ్డాం.

ఇంకా పెద్ద దెబ్బ వల దగ్గర తగిలింది. ఆరు మూలల కన్నాలుండే సన్న తీగ వల ఉంటుంది కదా, కోళ్ళ వల అనే అమ్ముతారు. అది కోడి బయటికి పోకుండా ఆపుతుంది, బయటి జంతువు లోపలికి రాకుండా ఆపలేదు. పొద్దున్న లేచి చూస్తే ఒక మూల వల చింపిన గుడ్డలా వేలాడుతోంది. రెండు పెట్టలు లేవు. ఇప్పుడు అరంగుళం కన్నాల వెల్డింగ్ మెష్ వేసి, నేల మీద గూటి చుట్టూ బయటికి అడుగున్నర పరిచి మేకులు దిగ్గొట్టాం. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. ఇది మాత్రం ఒక పుస్తకంలోనే చదివాను, బొమ్మతో సహా. ఆ పుస్తకం వల కొనకముందు మా ఇంట్లోనే ఉంది. తెరవలేదు, అంతే!

#10 సీసామూత

కోడిగూడు గారు సొంత పోషణ మాట ఎత్తారు కాబట్టి ఒక హెచ్చరిక. మిగతా తప్పులకి మొక్క పోతుంది, దీనికి మనిషి పోతారు.

పండిన బీన్స్‌ని సీసాలో నింపి, మూత బిగించి, మరిగే నీళ్ళలో మూడు గంటలు ఉంచితే ఏడాది నిల్వ ఉంటుందని చూపించే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. చేయకండి. క్లాస్ట్రిడియం బోట్యులినమ్ అనే బాక్టీరియా మట్టిలోనే ఉంటుంది, కాయగూరలతో వస్తుంది. దాని బీజాలు 100 డిగ్రీల దగ్గర చావవు, మూడు గంటలు కాదు ఇంకా ఎక్కువసేపు మరిగించినా నమ్మకం లేదు. గాలి లేని, పులుపు లేని సీసా వాటికి సుఖమైన ఇల్లు. పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే అంకె) 4.6 కన్నా ఎక్కువున్న వాటికి, అంటే బీన్స్, మొక్కజొన్న, క్యారెట్ లాంటివాటికి, సీసా లోపలి వేడి 116 డిగ్రీలకి పైన ఉండాలి. మామూలు గిన్నెలో నీళ్ళు అంత వేడెక్కవు, ఒత్తిడితో పనిచేసే క్యానర్, పరీక్షించిన సమయాల పట్టిక రెండూ కావాలి. టమాటా సరిహద్దు మీద ఉంటుంది, అందుకే అందులో నిమ్మరసమో సిట్రిక్ యాసిడో కొలిచి కలపమంటారు.

విషం పుట్టిన సీసా చూడడానికి, వాసనకి మామూలుగానే ఉండొచ్చు. "మా అమ్మమ్మ ఇలాగే చేసేది, ఎవరికీ ఏం కాలేదు" అన్న మాట వినపడితే ఆ వీడియో అక్కడే ఆపేయండి. ఈ ఒక్క విషయంలో నేను వీడియో అసలు చూడను. పరీక్షించిన పట్టిక ఉన్న పుస్తకం, అదీ కొత్త ముద్రణ.

#11 కొత్తపార

అందరికీ థ్యాంక్స్. సీసాల ఆలోచన నాకుండేది, వాయిదా వేశాను.

పాతచెట్టు గారూ, చూసి వచ్చాను. ఆకు అడుగున తెల్లదోమ లేదు. భూతద్దం పెట్టి కూడా చూశాను, మొక్కని కదిపాను, ఏమీ లేవలేదు. ఒకటో మడిలో టమాటాతో పాటు ఒక వరస బీన్స్ ఉన్నాయి, అవీ ముడుచుకున్నాయి. రెండో మడిలో మొక్కజొన్న, అది నా నడుము దాటింది, మచ్చ లేదు. దాని మొదలు దగ్గర వేసిన బీన్స్ మాత్రం పోయాయి. మూడు, నాలుగు మడుల్లో టమాటా, బీన్స్ రెండూ బాగున్నాయి. అంత ఏపుగా లేవు గానీ ఆకు సాఫీగా ఉంది.

ఎరువు ఇచ్చినాయన దగ్గర పశువులు బయట కొన్న ఎండుగడ్డి మేస్తాయట. ఇది ఎందుకు అడిగారో అర్థం కాలేదు.

#12 పాతచెట్టు

మొక్కజొన్న బాగుంది, బీన్స్ పోయాయి. ఆ ఒక్క ముక్క చాలు.

నా అనుమానం కలుపు మందు మీద. నువ్వు చల్లలేదు, ఎరువు ఇచ్చినాయన కూడా చల్లి ఉండడు. గడ్డి పెంచే పొలాల్లో వెడల్పాకు కలుపుని చంపడానికి అమినోపైరలిడ్, క్లోపైరలిడ్, పిక్లోరామ్ అనే మందులు వాడతారు. గడ్డికి ఏమీ కాదు, అందుకే వాడేది. ఆ గడ్డి పశువు తింటుంది. మందు పశువు కడుపులో కరిగిపోదు, చాలావరకు అలాగే పేడలో, మూత్రంలో బయటికొస్తుంది. ఎరువు గుట్టలో కూడా త్వరగా విరగదు. ఎరువు నల్లగా, పొడిగా, వాసన లేకుండా మాగినా మందు లోపలే కూర్చుని ఉంటుంది. టమాటా, బీన్స్, బఠానీ, బంగాళాదుంప దీనికి చాలా సున్నితం, అతి తక్కువ మోతాదుకే కొత్త ఆకులు దొన్నెలై, దారాలై, కాండం మెలితిరుగుతుంది. మొక్కజొన్న గడ్డి జాతి కాబట్టి దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

వైరస్ అయినా ఆకులు ఇలాగే కనపడతాయి, నీ పుస్తకం తప్పు చెప్పలేదు. తెల్లదోమ ఉందా అని అడిగింది అందుకే, ఆకుముడత వైరస్‌ని మోసేది అదే. కానీ వైరస్ ఒక మడి గట్టు దగ్గర ఆగదు, టమాటానీ బీన్స్‌నీ ఒకే వారంలో ఒకేలా పట్టదు.

అనుమానమే అన్నాను, తేల్చుకోవాలి. ఆరు చిన్న కుండీలు తీసుకో. మూడింట్లో మామూలు మట్టిలో ఆ ఎరువు సగానికి సగం కలుపు, మూడింట్లో అదే మట్టిలో నీ కంపోస్ట్ అంతే కలుపు. ఒక్కోదాంట్లో మూడు బీన్స్ గింజలు. కుండీ కిందకి కారిన నీళ్ళు ఒకదాని నుంచి ఇంకోదానికి పోకుండా విడివిడిగా పళ్ళాలు పెట్టు. మూడు వారాలు ఆగు. మొదటి రెండాకులు చూసి తీర్పు చెప్పకు, మూడాకుల గుత్తులు వచ్చేదాకా చూడు. ఈలోగా ఆ ఎరువు ఎవరికీ ఇవ్వకు.

#13 పెరటిచిలుక

ఒక్క నిమిషం. నా దగ్గరున్న పుస్తకాలన్నిట్లోనూ మొదటి పేజీలోనే "పశువుల ఎరువు దండిగా వేయండి" అని ఉంటుంది. ఒక్కరూ ఈ సంగతి రాయలేదేం?

#14 పాతచెట్టు

ఏడాది చూడమన్నాను కదమ్మా. అమినోపైరలిడ్ అమెరికాలో రిజిస్టర్ అయిందే 2005లో. అంతకుముందు రాసినవాళ్ళకి పేడ అంటే పేడే. క్లోపైరలిడ్ ముందు నుంచీ ఉంది గానీ ఇంటి తోట పుస్తకాల దాకా ఆ గొడవ రాలేదు. వీడియోలు తీసేవాళ్ళకి తెలియకపోవడానికి కారణం వేరు, వాళ్ళు ఆ పుస్తకాల నుంచే నేర్చుకున్నారు.

#15 ప్రశ్నలబాబు

అయితే ఎప్సమ్ సాల్ట్...

#16 నిర్వాహకులు

ప్రశ్నలబాబు గారూ, ఎప్సమ్ సాల్ట్‌కి వేరే చర్చ ఉంది, ఇప్పటికి 340 పోస్టులు. అక్కడికి పదండి.

#17 నారుమడి

కొత్తపార గారూ, మీ కుండీల పరీక్ష అయ్యేలోపు ఒక మాట. కుండీ అడుగున గులకరాళ్ళు వేయకండి. నీళ్ళు బాగా దిగుతాయని ప్రతి వీడియోలోనూ వేస్తారు. సన్న మట్టి కింద పెద్ద రాళ్ళుంటే నీరు ఆ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, మట్టి పూర్తిగా నానేదాకా కిందకి దిగదు. రాళ్ళు వేసినంత ఎత్తు వేరుకి చోటు తగ్గుతుంది, తడి పొర పైకి జరుగుతుంది. కన్నం ఉంటే చాలు.

ఇంకోటి అడగాలనుంది. మీ కంపోస్ట్ ఎలా చేశారు? "అంత ఏపుగా లేవు" అన్నారు కదా.

#18 కొత్తపార

అదో సిగ్గుపడే కథ. 18 రోజుల్లో కంపోస్ట్ అని ఒక వీడియో చూసి మొదలుపెట్టాను. వాళ్ళ గుట్టలోంచి పొగలు వస్తుంటాయి. నా ప్లాస్టిక్ డబ్బాలో చెయ్యి పెడితే చల్లగా ఉండేది. ఆకులు వేశాను, కూరగాయ తొక్కలు వేశాను, తిరగేశాను, ఏమీ వేడెక్కలేదు. చివరికి విసుగొచ్చి మూత వేసి మూలకి తోసేశాను. ఎనిమిది నెలల తర్వాత మూత తీస్తే కింద సగం నల్లగా, నిండా వానపాములు. చేసింది నేను కాదు, అవే.

#19 నారుమడి

సిగ్గెందుకండీ! 18 రోజుల పద్ధతి నిజమే, కాకపోతే దానికి కనీసం ఒక ఘనపు మీటరు గుట్ట కావాలి. అంతకన్నా చిన్నదైతే పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. పచ్చివీ ఎండువీ కలిపినప్పుడు కర్బనం 25, 30 పాళ్ళకి నత్రజని ఒక పాలు ఉండాలి, రోజు విడిచి రోజు తిరగేయాలి, లోపల 55 నుంచి 65 డిగ్రీలు రావాలి. వీడియోలో ఆ గుట్ట పక్కన మనిషి నిలబడితే నడుము దాకా వచ్చి ఉంటుంది, మళ్ళీ చూడండి. మనం పొగ చూస్తాం, ఎత్తు చూడం.

మీది చల్లటి పద్ధతి. నెమ్మది, కలుపు గింజలు చావవు, కానీ కంపోస్ట్ కంపోస్టే.

#20 కొత్తపార

మళ్ళీ చూశాను. నిజమే, నడుము దాకా ఉంది. ఏడుసార్లు చూసిన వీడియో అది!

#21 కోడిగూడు

కుండీల సంగతేమైందండీ? రోజూ వచ్చి చూస్తున్నాను, సీరియల్‌లా తయారైంది మాకు.

#22 కొత్తపార

ఇవాళ్టికి 23 రోజులు. ఫలితం ఇదిగో.

గింజలు ఐదో రోజున మొలిచాయి, పద్దెనిమిదింటికి పదహారు. మొదటి జత ఆకులు ఆరు కుండీల్లోనూ ఒకేలా ఉన్నాయి, కొంచెం నిరాశపడ్డాను కూడా. పాతచెట్టు గారు ఆగమన్నారు కాబట్టి ఆగాను. పద్నాలుగో రోజున ఎరువు కుండీల్లో మూడాకుల గుత్తి విచ్చుకోవడానికి బదులు పిడికిలిలా మూసుకుంది. రెండు రోజులకి కంపోస్ట్ కుండీల్లో గుత్తులు అరచేతిలా పరుచుకున్నాయి. ఇప్పుడు ఎరువువి మూడింటికి మూడూ మెలితిరిగి ఉన్నాయి, ఒకటో మడిలో ఉన్నట్టే. కంపోస్ట్‌వి మూడూ సాఫీగా ఉన్నాయి. మధ్యలో పేర్లు రాసిన చీటీలు తడిసి చెరిగిపోయాయి, అయినా ఏవి ఏవో చెప్పడానికి చీటీ అక్కర్లేదు.

ఎరువు ఇచ్చినాయన దగ్గరికి రెండు కుండీలు పట్టుకెళ్ళాను, ఎరువుదొకటి, కంపోస్ట్‌దొకటి. ముందు నమ్మలేదు. తర్వాత కూర్చుని రెండూ అటూ ఇటూ తిప్పి చూశాడు. గడ్డి అమ్మినవాళ్ళని అడుగుతానన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకీ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ రెండు మడుల్ని ఏం చేయాలి?

#23 పాతచెట్టు

మంచి పని చేశావు. కుండీ పట్టుకెళ్ళడం ఇంకా మంచి పని.

పైన మిగిలిన ఎరువు గోకి తీసెయ్, ఇంకో కంపోస్ట్ గుట్టలో మాత్రం కలపకు, అక్కడా పాడు చేస్తుంది. వీలైతే ఇచ్చినాయన గడ్డి పొలానికే వెనక్కి పంపు. మట్టిలో కలిసిపోయినదాన్ని మట్టిలోని సూక్ష్మజీవులే విరగ్గొట్టాలి. నేల వెచ్చగా, తడిగా, గుల్లగా ఉంటే త్వరగా అవుతుంది, అందుకని అప్పుడప్పుడు తిరగేసి, తడి ఆరనివ్వకుండా ఉంచు. ఖాళీగా వదలక్కర్లేదు, మొక్కజొన్న వేసుకో. దాని చొప్ప, ఆకులు మాత్రం కంపోస్ట్‌లో వేయకు. కొన్ని నెలలు పట్టొచ్చు, ఒక్కోచోట రెండు మూడేళ్ళు కూడా పట్టింది. తేదీ నేను చెప్పలేను. ప్రతి సీజన్ ముందు ఆ మడి మట్టిలో మూడు బీన్స్ గింజలు వేసి చూడు, అవి చెబుతాయి.

#24 సోమరిరైతు

పుస్తకం పూర్తయింది. మీరన్నది నిజమే, నారింజ తోట సంగతి ఉంది. నేను చదవడం ఆపిన పేజీ తర్వాత కాదు, ముందే ఉంది. ఎలా దాటేశానో అర్థం కావట్లేదు.

#25 పెరటిచిలుక

నేనూ కుండీలు పెట్టాను. నా ఎరువు శుభ్రంగానే ఉంది, హమ్మయ్య. నా పూలు రాలడానికి మాత్రం ఆ జోన్ వీడియోలదే బాధ్యత.

#26 కొత్తపార

ఇప్పుడే ఇంకోటి గుర్తొచ్చి గుండె జారింది. తేమ నిలవడానికి మూడో మడి మీద ఎండుగడ్డి పరిచాను. అది కూడా ఆయన దగ్గరే తెచ్చాను, పశువులకి వేసే అదే మోపులోంచి. మొన్నటిదాకా ఆ మడి బాగానే ఉంది. నిన్న వాన పడింది.

గడ్డంతా ఎత్తి బస్తాలో కట్టాను. కింద మట్టి తీసి మళ్ళీ ఆరు కుండీలు పెట్టాను. ఈసారి పేర్లు చెరగని పెన్నుతో కుండీ మీదే రాశాను. మూడు వారాల తర్వాత వచ్చి చెప్తాను.